డోరా పెద్దదైతే ఎవరికి భయం?

పిల్లల సినిమా మీద ప్రేక్షకుల అభిప్రాయం అని మనం తేలిగ్గా అంటూ వుంటాం. ఆ ప్రేక్షకులెవరు? టిక్కెట్టు కొనేది పెద్దవాళ్లు. పత్రికల్లో సమీక్ష రాసేది పెద్దవాళ్లు. పిల్లలకి పనికొస్తుందనో, పిల్లల్ని చెడగొడుతుందనో తీర్పు చెప్పేదీ పెద్దవాళ్లే. నా పరిశోధన పిల్లల కథల్లోని ఆడపిల్ల పాత్రల మీద సాగింది కాబట్టి ఇలాంటి తీర్పుల్ని చాలాకాలంగా పోగుచేస్తూ వస్తున్నాను. వాటిని వరసగా పెట్టుకుని చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కథానాయకుడు మగపిల్లాడైతే చర్చ సాహసం గురించి, హింస గురించి, చదువు పాడవడం గురించి నడుస్తుంది. ఆడపిల్లయితే, అందులోనూ ఆ పిల్ల కాస్త ఎదగడం మొదలుపెడితే, చర్చ ఆమె ఒంటి మీదికి, జుట్టు మీదికి, గౌను పొడవు మీదికి మళ్లిపోతుంది.

ఇందుకు డోరా కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2000లో అమెరికా టెలివిజన్‌లో పుట్టి 2019లో సినిమాగా మారిన ఈ ఏడేళ్ల పిల్ల చుట్టూ దాదాపు ఇరవై ఏళ్లపాటు జనం వెలిబుచ్చిన అభిప్రాయాలకి ఒక చరిత్ర వుంది. ఆ చరిత్రని మనవైపు నుంచి ఒకసారి చదివి చూద్దామని ఈ ప్రయత్నం.

‘డోరా ది ఎక్స్‌ప్లోరర్’ 2000 ఆగస్టు 14న నికెలోడియన్ ఛానల్లో మొదలైంది. క్రిస్ గిఫర్డ్, వాలెరీ వాల్ష్ వాల్డెస్, ఎరిక్ వైనర్ అనే ముగ్గురు దాన్ని రూపొందించారు. మొదట వాళ్ల ఆలోచనలో లాటినా పిల్ల లేదు. అమెరికా టీవీలో లాటినో మనుషులు దాదాపుగా కనిపించడం లేదన్న చర్చని ఒక సదస్సులో విన్న నికెలోడియన్ అధికారి బ్రౌన్ జాన్సన్, కథానాయికని లాటినా పిల్లగా చేయమని అడిగింది. అలా స్పానిష్‌లో అన్వేషకురాలు అనే అర్థమున్న ‘ఎక్స్‌ప్లొరడోరా’ మాటలోంచి ఒక పేరు పుట్టింది. పొట్టి జుట్టు, గులాబీ రంగు చొక్కా, నారింజ రంగు నిక్కరు, వీపున మాట్లాడే సంచి, అందులో పాడే మ్యాపు, పక్కన బూట్లేసుకున్న కోతి. రాజకుమారుడి కోసం ఎదురుచూసే పని ఆ పిల్లకి లేదు. నది దాటాలి, వంతెన దాటాలి, ఎవరో పోగొట్టుకున్న వస్తువు చేర్చాలి. దారి కనుక్కోవడమే ఆమె పని.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ ధారావాహిక నిర్మాణం. డోరా తెరలోంచి మనవైపు తిరిగి ఒక ప్రశ్న అడుగుతుంది. అడిగి ఆగుతుంది. కళ్లార్పుతూ, జవాబు కోసం నిజంగా ఎదురుచూస్తున్నట్టు కొన్ని క్షణాలు నిశ్శబ్దంగా వుంటుంది. ఇంట్లో కూచున్న పిల్లలు లేచి నిలబడి అరిచి చెబుతారు. పెద్దవాళ్లకి ఆ నిశ్శబ్దం విసుగు, వెక్కిరింతకి పనికొచ్చే సరుకు. మూడేళ్ల పిల్లకి మాత్రం తన మాట కోసం ఒక మనిషి ఆగడమన్నది బహుశా రోజు మొత్తంలో జరిగే అరుదైన సంఘటన. తెర వెనక కూడా ఇదే పద్ధతి వుండేది. కథల్ని ముందుగా బడికి వెళ్లే వయసు రాని పిల్లల ముందు పెట్టి, వాళ్లెక్కడ లేచి నిలబడుతున్నారు, ఎక్కడ చూపు తిప్పుకుంటున్నారు అని గమనించి కథని సరిచేసేవాళ్లు. అంటే ఈ కథకి మొదటి ప్రేక్షక సమీక్షకులు అక్షరాలు కూడా రాని పిల్లలు. వ్యాపారం కోసమే కావచ్చు, కానీ వాళ్లని అడిగారు. ఈ మాట గుర్తుపెట్టుకుందాం, దీని అవసరం మళ్లీ వస్తుంది.

డోరా ఏ దేశపు పిల్ల? మెక్సికోనా, పెరూనా, ప్యూర్టోరికోనా? ధారావాహికలో ఎక్కడా చెప్పలేదు. చరిత్రకారుడు కార్లోస్ కోర్టేస్ లాంటి సలహాదారులతో మాట్లాడి, ఏ ఒక్క దేశానికీ చెందకుండా లాటినో పిల్లలందరూ తనదనుకునేలా ఆమెని తీర్చారు. దీనిమీద విమర్శ లేకపోలేదు. నికోల్ గిడోటి-హెర్నాండెజ్ 2007లో ‘లాటినో స్టడీస్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఈ కలగాపులగపు లాటినో గుర్తింపుని, దాన్ని ప్రపంచ మార్కెట్‌కి అమ్మే తీరుని ప్రశ్నించింది. చరిత్రలూ తేడాలూ చెరిపేసి తయారుచేసిన గుర్తింపు ఎవరికి సౌకర్యం అన్న ఆ ప్రశ్న, బహువచనంలో ‘స్త్రీలు’ అనే మాట వాడినప్పుడల్లా దళిత, ముస్లిం స్త్రీవాదులు మనల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నకి చాలా దగ్గరగా వుంది.

అయినా ఆ ధారావాహిక చేసిన ఒక పనిని తక్కువ చేయలేం. అమెరికాలో స్పానిష్ అంటే వంటింటి భాష, వలసకూలీల భాష, బడిలో మాట్లాడితే చిన్నచూపు పడే భాష. డోరా ఆ భాషని తెలివైన పిల్ల నోట పెట్టి, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పిల్లల చేత కూడా పలికించింది. ఈ డోరా మన దగ్గరికి డబ్బింగులో వచ్చేసరికి ఏం జరిగిందో చూడండి. డోరా తెలుగు మాట్లాడింది, మధ్యమధ్యలో పిల్లలకి ఇంగ్లీషు మాటలు నేర్పింది. అక్కడ అణిగిన భాషకి చోటిచ్చిన కిటికీలోంచి ఇక్కడ పెత్తనం చేసే భాష వచ్చి కూచుంది. మన తల్లిదండ్రుల అభిప్రాయం దీనికి పూర్తి అనుకూలంగా వుండేది కూడా. ‘బొమ్మలు చూస్తున్నా ఇంగ్లీషు వస్తోంది కదా’ అని టీవీ కట్టేయకుండా వదిలేసిన తల్లులు నా ఎరుకలోనే చాలామంది. ఒకే కథ రెండు చోట్ల ఎలా తిరగబడుతుందో చెప్పడానికి నాకిదొక పాఠం.

ఇక అసలు గొడవ 2009లో మొదలైంది. ఆ మార్చిలో నికెలోడియన్, బొమ్మల కంపెనీ మాటెల్ కలిసి, డోరా ఎదగబోతోందని ప్రకటించాయి. చిన్న డోరా అలాగే వుంటుంది, దానికి తోడు పది పన్నెండేళ్ల వయసున్న కొత్త డోరా బొమ్మ వస్తుంది, ఆమె పెద్ద నగరంలో చదువుకుంటుంది. ప్రకటనతోపాటు వదిలింది ఒక నీడబొమ్మ మాత్రమే. పొడవాటి జుట్టు, సన్నటి కాళ్లు, పొట్టి గౌనులా కనిపిస్తున్న ఆకారం. మొహం లేదు, మ్యాపు లేదు, సంచి లేదు. ఆ నీడ చూసి అమెరికాలోని తల్లులు మండిపడ్డారు. సంచి మోసిన పిల్లకి ఇప్పుడు హ్యాండ్‌బ్యాగు తగిలిస్తారా అని అడిగారు. ‘ప్యాకేజింగ్ గర్ల్‌హుడ్’ అనే పుస్తకం రాసిన షారన్ లాంబ్, లిన్ మైకెల్ బ్రౌన్ కలిసి డోరా రూపం మార్చొద్దంటూ సంతకాలు సేకరించారు. వాళ్ల వాదన సారం ఇది: డోరా నిజంగా పెద్దదైతే ఫ్యాషన్ బొమ్మ కాదు, మ్యాపులు ఇంకా బాగా చదవడం నేర్చుకుంటుంది, చిక్కుముళ్లు విప్పే తెలివిని ఇంకా పదును పెట్టుకుంటుంది.

ఆ కోపానికి కారణాలున్నాయి. ఆడపిల్లల్ని చిన్నవయసులోనే లైంగిక వస్తువులుగా చూపించడం వాళ్ల ఆలోచన మీద, శరీరం పట్ల వాళ్లకుండే భావన మీద ఎలా పనిచేస్తుందో వివరిస్తూ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2007లోనే నివేదిక ఇచ్చింది. డోరా పేరు మీద అప్పటికే బిలియన్ల డాలర్ల వ్యాపారం నడుస్తోంది. అయిదేళ్లు దాటగానే పిల్లలు డోరాని వదిలేసి మరో బొమ్మ వైపు పోతున్నారు కాబట్టి, వాళ్లని పోనివ్వకుండా పట్టుకోవడానికి కంపెనీలకి కాస్త పెద్ద డోరా కావాల్సొచ్చింది. ఆ బొమ్మని కంప్యూటర్‌కి కలిపితే ఆమె జుట్టు పొడవు, కళ్ల రంగు, నగలు మార్చుకోవచ్చు. దారి వెతికే పిల్లని అద్దం ముందు కూచోబెట్టే పథకం ఇందులో కనిపిస్తూనే వుంది. తర్వాత పూర్తి బొమ్మ బయటపెట్టినప్పుడు అది పొట్టి గౌను కాదు, పొడవు చొక్కా, కింద కాలికి అతుక్కునే ప్యాంటు అని తేలింది. కొందరు శాంతించారు.

ఆ సంతకాల కాగితం మీద ఆనాడు నేను కూడా సంతకం చేసేదాన్నే. కానీ ఆ చర్చనంతా తిరిగి చదువుతున్నప్పుడు ఒక లోటు తెలుస్తుంది. తల్లుల మాటల్లో కంపెనీ మీద కోపంతో పాటు ఇంకో భయం కలగలిసి వుంది. డోరా ఎప్పటికీ ఏడేళ్ల పిల్లగానే వుండిపోతే ఎంత బాగుండు అన్న కోరిక. గుండ్రటి పొట్ట, గుండ్రటి మొహం వున్నంతవరకే ఆమె మనది. నడుము ఏర్పడిన క్షణం నుంచి ఆమె బజారుదో, ఎవరో మగవాడి చూపుదో అయిపోతుంది. ఈ రెండే దారులు వున్నట్టు మాట్లాడడంలో కంపెనీకీ, దాన్ని ఎదిరించిన కొందరు తల్లులకీ తేడా లేకుండా పోయింది. మూడో దారి, ఒళ్లు ఎదుగుతూనే మ్యాపు చేతిలో వుంచుకున్న పిల్ల, లాంబ్, బ్రౌన్‌ల మాటల్లో ఊహగా మిగిలింది. పదేళ్ల పిల్లల్ని అడిగితే ఏమనేవాళ్లో! ఆ వార్తల్లో నాకు తల్లుల మాటలు, నిపుణుల మాటలు, కంపెనీ ప్రతినిధుల మాటలు కనిపించినంతగా ఆడపిల్లల మాటలు కనబడలేదు.

మరుసటి ఏడు డోరా మొహం ఇంకో రకంగా వీధిన పడింది. 2010 ఏప్రిల్లో అరిజోనా రాష్ట్రం వలసదారుల మీద కఠినమైన చట్టం తెచ్చింది. కాగితాలు లేవన్న అనుమానం వస్తే పోలీసులు ఆపి అడగొచ్చు. ఆ చర్చలో డోరా బొమ్మ ఒకటి చేతులు మారింది. పోలీసులు నిందితులకి తీసే ఫోటోలాగా, కన్ను కమిలిపోయి, పెదవి చిట్లి, నేరం సరిహద్దు దాటడం అని. చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లూ దాన్ని వాడుకున్నారు, సమర్థించేవాళ్లూ నవ్వుకుంటూ వాడుకున్నారు. దేశమేదో చెప్పకుండా తయారుచేసిన పిల్ల కదా, ‘నీ దేశమేది?’ అన్న ప్రశ్నకి ఆమె దగ్గర కాగితం లేదు. గోధుమరంగు ఆడపిల్ల ఏడేళ్లకి ముద్దుగా వుంటుంది, పదేళ్లకి ఆకర్షణ వస్తువవుతుంది, సరిహద్దు దగ్గర నేరస్తురాలవుతుంది. ఈ మూడు బొమ్మలూ ఒకే దశాబ్దంలో ఒకే పాత్రకి అంటాయి.

2014లో ‘డోరా అండ్ ఫ్రెండ్స్’ పేరుతో నగరంలో వుండే పదేళ్ల డోరా టీవీలోకి వచ్చింది. ఆ తర్వాత సినిమా ప్రకటన. మైకేల్ బే నిర్మాణసంస్థ పేరు మొదట వినిపించడంతో, డోరా వెనక పేలుళ్లు జరుగుతాయంటూ జోకులు మొదలయ్యాయి. అంతకుముందే 2012లో కాలేజ్‌హ్యూమర్ అనే హాస్యబృందం డోరాని యాక్షన్ సినిమా నాయికగా చూపిస్తూ ఒక ఉత్తుత్తి ట్రైలర్ తీసింది. కాబట్టి సినిమా రాకముందే ప్రేక్షకుల్లో రెండు రకాల అంచనాలు గట్టిపడ్డాయి. ఇది పెద్దవాళ్ల కోసం తీసిన వెక్కిరింత సినిమా అయినా అయ్యుండాలి, లేదా పదహారేళ్ల నాయిక ప్రేమలో పడే హైస్కూలు కథ అయినా అయ్యుండాలి.

‘డోరా అండ్ ద లాస్ట్ సిటీ ఆఫ్ గోల్డ్’ 2019 ఆగస్టు 9న విడుదలైంది. దర్శకుడు జేమ్స్ బాబిన్. డోరాగా నటించిన ఇసబెలా మెర్సెడ్, అప్పట్లో ఇసబెలా మోనర్, తల్లివైపు నుంచి పెరూ మూలాలున్న అమ్మాయి. ధారావాహిక దాచిపెట్టిన ఊరికి సినిమా పేరు పెట్టింది. ఈ డోరా పెరూ అడవిలో, అన్వేషకులైన తల్లిదండ్రులతో పెరిగింది. స్పానిష్‌తో పాటు కెచువా కూడా మాట్లాడుతుంది. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఆండీస్ కొండల్లో వున్న భాష ఒక హాలీవుడ్ పిల్లల సినిమాలో వినిపించడం చిన్న విషయం కాదు. పారాపాటా అనే ఇన్కా నగరం మాత్రం పూర్తిగా కల్పితం. పాత సాహస సినిమాల నుంచి అరువు తెచ్చుకున్న ఉచ్చులు, గుహలు, రహస్య ద్వారాలతో అసలు ఇన్కాల చరిత్రని పక్కకి తోసిందన్న విమర్శ న్యాయమైనదే. అయినా ఒక తేడాని సినిమా పట్టుదలగా చెబుతుంది: మేం అన్వేషకులం, నిధి వేటగాళ్లం కాదు. నగరం దొరికాక డోరా బంగారాన్ని చూస్తుంది, తీసుకోదు. వలసపాలన చరిత్ర తెలిసినవాళ్లకి ఆ గీత ఎంత పల్చనో తెలుసు. కానీ పిల్లల సినిమాలో ఆ గీత గీయడమన్నా వుండాలి కదా.

తల్లిదండ్రులు నగరాన్ని వెతుక్కుంటూ వెళ్తూ డోరాని అమెరికాలో వున్న బంధువు డియేగో ఇంటికి పంపిస్తారు. హైస్కూలు. గేటు దగ్గర తనిఖీలో ఆమె సంచిలోంచి అడవిలో బతకడానికి కావాల్సిన సామానంతా బయటపడుతుంది. పార్టీకి తమకిష్టమైన ‘స్టార్’ వేషంలో రమ్మంటే, అందరూ సినిమా తారల గురించి అనుకుంటుంటే, ఈ పిల్ల సూర్యుడి వేషం వేసుకుని వస్తుంది. అందరూ నవ్వుతారు. అమెరికన్ హైస్కూలు సినిమాలు చూసినవాళ్లందరికీ ఇక్కడ ఏం జరగాలో తెలుసు. ఒక స్నేహితురాలు వచ్చి నాయిక జుట్టు దువ్వి, కళ్లద్దాలు తీసేసి, కొత్త గౌను తొడిగి మెట్లమీంచి దింపుతుంది. మగపిల్లలు నోరు తెరిచి చూస్తారు. ఈ సినిమాలో ఆ దృశ్యం లేదు. చివరిదాకా డోరా జుట్టు అలాగే వుంది. చివరికి ఆమెకి ఎవరితోనూ జతకట్టలేదు కూడా. 2009లో తల్లులు భయపడిన మేకోవర్‌ని పదేళ్ల తర్వాత సినిమా అసలు చేయనే లేదు. డోరా మ్యాపు చదువుతుంది, నక్షత్రాలు చదువుతుంది, చిక్కుముడి విప్పుతుంది. లాంబ్, బ్రౌన్ ఊహించిన పెద్ద డోరా ఈమే అనిపించింది నాకు.

ఇంకో దృశ్యం చెప్పాలి. అడవిలో తోటి అమ్మాయి శామీకి మలవిసర్జన అవసరం పడుతుంది. తరగతిలో అందరికంటే దర్జాగా వుండే పిల్ల సిగ్గుతో చితికిపోతుంది. డోరా పార ఇచ్చి, గుంట తవ్వుకోవడం గురించి హుషారుగా ఒక పాట పాడుతుంది. పిల్లల హాస్యం, అంతే. కానీ బడిలో మరుగుదొడ్డి లేక మధ్యాహ్నందాకా నీళ్లు తాగకుండా కూచునే మన ఆడపిల్లల్ని తలుచుకుంటే, శరీరం గురించిన మాటని పాటగా పాడే నాయిక నాకు చాలా విలువైనదిగా తోచింది.

ఇక ప్రేక్షకులేమన్నారు? విడుదల రోజు హాలు బయట ప్రేక్షకుల్ని అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్ సంస్థ లెక్కలో దీనికి ‘ఏ’ గ్రేడు వచ్చింది. విమర్శకుల్లో కూడా ఎక్కువమంది మెచ్చుకున్నారు. దాదాపు 5 కోట్ల డాలర్ల ఖర్చుకి ప్రపంచవ్యాప్తంగా 12 కోట్ల డాలర్ల దాకా వసూలైంది. బ్రహ్మాండం కాదు, నష్టమూ కాదు. ఫిర్యాదుల్లో రెండు రకాలు. చిన్నపిల్లల తల్లిదండ్రులకి డోరా మరీ పెద్దదైపోయింది. పెద్దపిల్లలకి డోరా మరీ చిన్నపిల్లల పేరు, హాల్లో కనిపిస్తే నామోషీ. పదహారేళ్ల పిల్ల ఇంత అమాయకంగా, ఇంత ఉత్సాహంగా వుండడం నమ్మశక్యంగా లేదన్న మాట కూడా వినిపించింది. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పదహారేళ్ల మగపిల్లాడు పాములతో ఆడుకుంటూ లోకం మీద ఆసక్తితో ఉరకలేస్తే అతన్ని సాహసి అంటాం. అదే ఆడపిల్లయితే ఇంకా ఎదగలేదంటాం. ఎదగడమంటే తనని లోకం ఎలా చూస్తోందో తెలుసుకుని ముడుచుకోవడం అని మనం ఎంత గట్టిగా నమ్ముతున్నామో కదా!

2020 లాక్‌డౌన్ రోజుల్లో మా అక్క కూతురితో కలిసి ఈ సినిమా చూశాను. దానికప్పుడు పదమూడేళ్లు. తెలుగు డోరాని చూస్తూ అన్నం తిన్న పిల్ల. అంతకుముందు వేసవిలోనే వాళ్లింట్లో ఓణీల ఫంక్షన్ చేశారు. వీధి మలుపులో దాని నిలువెత్తు ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఫంక్షన్ అయ్యాక ట్యూషన్‌కి సైకిలు మీద వెళ్లడం మాన్పించారు. సినిమా సగంలో వుండగా అది తెర మీంచి కళ్లు తిప్పకుండా అంది, ‘పిన్నీ, ఈ పిల్ల పెద్దదయ్యాక కూడా పరిగెడుతోంది చూడు.’

వంటింట్లోంచి అక్క, ‘అడవిలో ఎవరు చూస్తారే? ఊళ్లో అయితే తెలిసేది’ అంది నవ్వుతూ.

‘స్కూల్లో అందరూ చూశారుగా అమ్మా. నవ్వారు కూడా. అయినా పరిగెట్టింది.’

అక్క ఏమీ అనలేదు. ఇన్నేళ్లుగా నేను చదివిన సమీక్షలన్నిటిలోనూ ఈ ఒక్క పాయింటు ఎవరూ పట్టుకోలేదు. వాళ్లంతా డోరా వేసుకున్న బట్టల గురించి, వయసు గురించి, పెరూ గురించి, పాత ధారావాహికకి న్యాయం జరిగిందా లేదా అని రాశారు. సైకిలు పోగొట్టుకున్న పిల్లకి కనిపించింది పరుగు.

అభిప్రాయాల సంగతికొస్తే మనమేం తీసిపోలేదు. డోరాని వదిలి మన ఊరికి వద్దాం. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో పోగో ఛానల్లో మొదలుపెట్టిన ‘ఛోటా భీమ్’ కూడా టీవీ నుంచి సినిమాగా మారినదే. 2012లో ‘కర్స్ ఆఫ్ డమ్యాన్’ బొమ్మల సినిమాగా వచ్చింది, 2024లో అదే కథని మనుషులతో తీశారు. అందులో భీమ్ పక్కన వుండే పిల్ల చుట్కీ. తల్లికి లడ్డూల కొట్టు. భీమ్‌కి బలమొచ్చేది లడ్డూతో. 2020 జూన్‌లో ఈ ధారావాహిక చూసి పెరిగిన కుర్రకారు, భీమ్ రాకుమారి ఇందుమతిని పెళ్లాడాడన్న పుకారు పట్టుకుని, చుట్కీకి న్యాయం చేయాలంటూ సోషల్ మీడియాలో హోరెత్తించారు. చివరికి ఆ సంస్థే ప్రకటన ఇవ్వాల్సొచ్చింది: వీళ్లింకా పిల్లలు, ఎవరికీ పెళ్లి కాలేదు, వాళ్ల జీవితాల్లోకి ప్రేమనీ పెళ్లినీ తేవద్దు అని. అది చాలావరకు సరదా అని నాకూ తెలుసు. కానీ ఆ సరదా దేనిమీద నిలబడిందో చూడాలి. ఇన్నేళ్లు లడ్డూలు పెట్టిన పిల్లకి న్యాయమంటే పెళ్లే. చుట్కీకి ఒక సాహసం ఇవ్వండని, కథలో ఆమెకి లడ్డూ కాకుండా మరో పని ఇవ్వండని ఆ హోరులో నాకు వినిపించలేదు. అమెరికా ప్రేక్షకులు డోరా గౌను పొడవు కొలిస్తే, మనం చుట్కీకి సంబంధం చూశాం.

డోరా కథ ఇంకా నడుస్తోంది. 2024లో కొత్త ధారావాహిక వచ్చింది, 2025లో సమంతా లొరెయిన్ నాయికగా మరో సినిమా వచ్చింది. ప్రతిసారీ ఆమె వయసు, రూపం చర్చకి వస్తూనే వుంటాయి. స్త్రీవాదులుగా మనం ఆ చర్చలోకి ఎలా వెళ్లాలన్నది నా ప్రశ్న. మార్కెట్ ఆడపిల్లల్ని ఎలా ముస్తాబు చేస్తోందో చెప్పడం అవసరం, ఆ పని ఆపకూడదు. కానీ ఆ కోపంలో ఎదిగే శరీరాన్నే ప్రమాదంగా చూసే పాత అలవాటుకి మన భాష అరువివ్వకుండా చూసుకోవాలి. వద్దు అని చెప్పడంతో పాటు, ఎదిగిన డోరా ఎలా వుండాలనుకుంటున్నావని ఆ వయసు పిల్లల్ని అడగాలి. మూడేళ్ల పిల్లల్ని కూచోబెట్టి అడిగిన నిర్మాతలకున్న ఓపిక, పన్నెండేళ్ల పిల్లల విషయంలో మన విమర్శకి లేకపోతే ఎలా?

తెలుగులో పిల్లల సాహిత్యం మీద, పిల్లల సినిమాల మీద మనం రాసుకున్న విమర్శ తక్కువ. వున్నంతలో ఆడపిల్లలు ప్రేక్షకులుగా ఏం చూస్తున్నారు, ఏ వయసులో ఏ కథని వదిలేస్తున్నారు, వదిలేయమని ఎవరు చెబుతున్నారు అన్నది దాదాపు కనబడదు. ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి టీచర్లం, రచయిత్రులం. మన ఇళ్లలో, తరగతుల్లో పది నుంచి పదిహేనేళ్ల పిల్లలున్నారు. వాళ్లు చూసిన ఒక సినిమా గురించి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే అదొక మంచి సేకరణ అవుతుంది. ఒక్కటే జాగ్రత్త. ప్రశ్న అడిగాక మనమే జవాబు చెప్పేయకుండా, డోరాలాగా కాసేపు ఆగాలి. అయిదేళ్ల పిల్ల వెంటనే లేచి అరిచి చెప్పేస్తుంది. పదమూడేళ్ల పిల్ల చెప్పడానికి ఎక్కువసేపు పడుతుంది.